పరగడుపున

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
కిలో లెక్కన అమ్ముతుంటే కొన్నాను,
అట్టలూడిన రక్తపిశాచి నవలలు పదకొండు.
ఇప్పటికి తొమ్మిది అయ్యాయి.
అందులో ఒకటి రెండుసార్లు చదివాను.
ఒకటి సగంలో పడేశాను, వాడు మరీ అందగాడు.

అందం మీద నాకేం కోపం లేదు.
మూడొందల ఏళ్లు బతికినవాడు
కాలేజీ పిల్ల వెనక తిరగడమే నచ్చదు.
అన్నేళ్లలో వాడికి మాట్లాడుకోవడానికి
ఒక్క పెద్దమనిషి దొరకలేదా?

ఇంకోటి. వీళ్లెవరూ నెత్తురు చూసి రాయలేదు.
కెంపులంటారు, ద్రాక్షసారా అంటారు.
నేను రోజూ చూస్తాను.
బూడిదరంగు మూత ట్యూబులో షుగరుకి రెండు మిల్లీలీటర్లు,
ఊదారంగు మూతలో ఇంకో రెండు.
నానిన ఇటుక రంగు అది,
వాన పడ్డ ఇనప గేటు వాసన.

పొద్దున ఐదున్నరకి స్కూటీ తీస్తాను,
కాళ్ల దగ్గర ఐసు డబ్బా.
మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్, చంపాపేట.
ఎండెక్కేలోపు ల్యాబ్‌కి చేరాలి.
అవును, ఆ పోలిక నాకూ తట్టింది.
సిగ్నల్ దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పిలవందే గడప దాటకూడదని వాళ్లకో నియమం ఉందే,
అది మాత్రం ప్రాణం నాకు.
ఎంత ఆకలైనా గుమ్మం బయటే నిలబడాలి, మర్యాదగా.
మా నాయనమ్మ చిన్నప్పుడు జనగామ దిక్కు
తలుపుల మీద బొగ్గుతో ‘రేపు రా’ అని రాసేవాళ్లట.
దెయ్యం వచ్చి, చదివి, వెళ్లిపోయేదట.
మర్నాడు మళ్లీ వచ్చి, మళ్లీ చదివి.
మా దెయ్యానికి చదువొచ్చు.
నమ్మకం కూడా ఎక్కువే, పాపం.
దాని మీద రాయమనండి ఎవరినైనా,
పూర్తి ధర పెట్టి కొంటాను.

ఈ ఊళ్లో వాళ్లెలా బతుకుతారా అనుకుంటాను.
ఎల్లిగడ్డ లేని వంటిల్లు ఏ గల్లీలో ఉంది?
ఇంటికిద్దరికి షుగరు,
రెండు వీధులు తిరిగితే వాడికే మాత్రలు రాయాలి.
అద్దె సంగతో?
ఏ నవలలోనూ వాడు అద్దె కట్టడు.
నాలుగొందల ఏళ్ల అద్దె, ఏటా పది శాతం పెంచుతూ!
చావు లేకపోవడం సొంత కోట ఉన్నవాళ్లకే బాగుంటుంది.
మూసీ దోమల ముందు అసలు వాడెంత,
అవి పిలుపు కోసం ఆగవు.

మొన్న సైదాబాద్‌లో తులజాబాయికి నరం దొరకలేదు.
రెండు చేతులూ తట్టి చూశాను, వేడినీళ్ల గుడ్డ పెట్టాను.
ఆమే నన్ను ఓదార్చింది.
“నా నెత్తురు ఎప్పుడో తాగిపోయిండ్రు బిడ్డా,
అడుగున ఏమన్న మిగిలితే జూడు.”
ఎవరని అడగలేదు.
అడిగితే చెప్పేది. ఇంకా మూడిళ్లున్నాయి నాకు.

చివరికి మణికట్టు పక్కన దొరికింది,
దారమంత సన్నగా.
తీశాక దూది పెట్టి నొక్కాను.
అప్పుడు గుర్తొచ్చింది,
తొమ్మిది నవలల్లో ఎక్కడా దూది లేదు.
తాగుతాడు, మూతి తుడుచుకుంటాడు. తన మూతి.
చెయ్యి మడిచి పట్టుకో, ఇవాళ బిందెలెత్తకు,
లేచి ఏమన్నా తిను ముందు,
అని ఒక్కడంటే ఒక్కడు అనడు.
ఎన్ని వందల ఏళ్ల అనుభవమండీ వాళ్లది!

పదో నవల సంచిలో ఉంది, సూదుల పక్కన.
అందులోనైనా ఉంటుందేమో చూడాలి.

చంపాపేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఆయాసం తగ్గేదాకా ఆగి బెల్లు నొక్కాను.
లోపల చెప్పుల చప్పుడు.
“ఎవరూ?”
“రక్తానికొచ్చానండీ.”
గొలుసు తీశారు.
“రామ్మా, రా, లోపలికి రా.”